కలెక్టరేటు మేడమీద గొడుగు

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. పెన్షనర్ల దినం ప్రత్యేక సంచిక కోసం వక్తే స్వయంగా రాసి ఇచ్చారు.)



ఈరోజు నన్ను మాట్లాడమనడానికి కారణం మీకు తెలిసిందే. పోయిన నెల మన సంఘం కార్యాలయంలో కొత్త ఇంటర్నెట్ పెట్టె బిగించారు. లైఫ్ సర్టిఫికెట్ల కోసం ఎక్కడికీ తిరగనక్కర్లేదు, ఇక్కడే కూర్చుని ఇచ్చుకోవచ్చు అన్నారు. పెట్టెకు మూడు దీపాలు వెలిగాయి, నాలుగోది వెలగలేదు. పదిమందిమి దాని చుట్టూ కుర్చీలు వేసుకుని, పెళ్లివారి కోసం చూసినట్టు చూస్తూ కూర్చున్నాం. బిగించిన కుర్రాడు "యాక్టివేషన్ అవ్వలేదండీ, అది ఆఫీసులో చెయ్యాలి" అని సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. "కరెంటుంది, తీగ ఉంది, డబ్బు కట్టాం, దీపాలు వెలుగుతున్నాయి, ఇంకా ఏం కావాలయ్యా?" అని మన కోశాధికారిగారు గుమ్మం దాకా వెళ్లి అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వానో వచ్చే సభలో చెప్పాలని అధ్యక్షులవారు శిక్ష వేశారు. ఆ శిక్ష అనుభవించడానికే లేచాను.

1988 వేసవి. నేను కోస్తాలో ఒక జిల్లా కలెక్టరేటులో సీనియర్ అసిస్టెంటుని. ఏ జిల్లాయో చెప్పను. చెప్పకపోయినా మీలో సగంమందికి తెలుసు, మిగతా సగంమంది టీ దగ్గర అడిగి తెలుసుకుంటారు. ఆ రోజుల్లో హైదరాబాదుకు కబురు వెళ్లాలంటే ఎలా ఉండేదో మీకు నేను చెప్పాలా? ట్రంకాల్ బుక్ చేసి, మామూలు కాల్ రాకపోతే అర్జంటు, అర్జంటు రాకపోతే లైట్నింగు, చివరికి లైను కలిసేసరికి అవతలివాళ్లు భోజనానికి వెళ్లడం. లేదంటే టెలిగ్రాము. అదీ కాదంటే స్టేట్‌మెంటు కవర్లో పెట్టి, రాత్రి బస్సుకి ఒక అటెండరుని ఎక్కించి స్పెషల్ మెసెంజరుగా పంపడం. అసెంబ్లీ ప్రశ్న వచ్చిందంటే మా అటెండర్లకు హైదరాబాదు యాత్ర వచ్చినట్టే.

నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది కదా. అది 1976లో పుట్టింది. డాక్టర్ ఎన్. శేషగిరిగారని ఆ సంస్థకు పెద్ద. దేశంలో జిల్లా కేంద్రాలన్నిటినీ ఉపగ్రహం ద్వారా కలపాలని వాళ్ల సంకల్పం. ఆ నెట్‌వర్కు పేరు నిక్‌నెట్. 1987, 88 ప్రాంతంలో కలెక్టరేట్ల మేడలమీద గొడుగులు లేచాయి. డిష్ యాంటెన్నా అనేది కాగితాల్లో మాట, మాకందరికీ అది గొడుగే. ఇంకొక్క మాట గుర్తుచేస్తాను. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. దానికి ఏడేళ్ల ముందే మన గుమాస్తాలు ఆకాశం మీదుగా ఉత్తరాలు నడిపారు. ఈ సంగతి చెబితే మా మనవడు నమ్మడు.

అప్పటికి మాకు జిల్లా ఇన్ఫర్మేటిక్స్ అధికారి ఇంకా జాయిన్ కాలేదు. సామాను మాత్రం లారీలో వచ్చేసింది. ఎవరో ఒకరు సంతకం పెట్టి దించుకోవాలి. "టైపు హయ్యరు పాసైనవాడివి, మీట నొక్కడం తెలిసినవాడివి, నువ్వే చూసుకో" అని మా ఎ.ఓ. గారు నన్ను కస్టోడియన్‌ని చేశారు. అలవెన్సు ఏమీ లేదు. కంప్యూటరు గదికి ఏసీ ఉంది గనుక వేసవిలో అదే అలవెన్సు అనుకున్నాను. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాలి. గుడికి తప్ప ఆఫీసులో చెప్పులు విప్పడం అదే మొదలు.

బిగించడానికి సామాను కంపెనీ తరఫున ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. వరంగల్ వైపు అబ్బాయి. పాతికేళ్లు ఉంటాయేమో. ఉద్యోగంలో ఇంకా ప్రొబేషనే. నన్ను "సార్" అనేవాడు, నేను "బాబూ" అనేవాణ్ణి. అతని పేరు ఇక్కడ చెప్పను. అతన్ని అడగకుండా చెప్పడం భావ్యం కాదు.

గొడుగు నిలబెట్టడం నేను దగ్గరుండి చూశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ముందు మేడమీద చోటు. ఇన్‌శాట్ లాంటి ఉపగ్రహాలు భూమధ్యరేఖకు నెత్తిన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. భూమితోపాటే తిరుగుతాయి గనుక మనకు కదలనట్టే కనిపిస్తాయి. మన కోస్తాలో నిలబడి చూస్తే అవి దక్షిణం దిక్కున, నేలనుంచి 65, 70 డిగ్రీల ఎత్తున, అంటే దాదాపు నడినెత్తికి కొంచెం కిందుగా ఉంటాయన్నమాట. అందుకని మా పెరట్లో వేపచెట్టు బతికిపోయింది. గొడుగు చూపు దాని తలమీదుగా వెళ్లిపోయింది. నీళ్ల ట్యాంకు మాత్రం అడ్డం వచ్చి, గొడుగుని పడమటి చివరకు మార్చవలసి వచ్చింది.

తరవాత ఎర్తింగు. నిలువెత్తు గొయ్యి తవ్వించి, ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేయించి, రాగి పలక పాతించాడు. "ఈ గుంతకు రోజూ బిందెడు నీళ్లు పొయ్యాలె సార్" అన్నాడు. మా తోటమాలి దాన్ని తులసికోట కంటే భక్తిగా చూసుకున్నాడు. ఆ తరవాత బ్యాటరీలు, స్టెబిలైజరు, మేడమీదనుంచి గదిలోకి లావుపాటి కేబులు. కేబులు కొసన కనెక్టరు బిగించి, దానిమీద నల్లటి జిగురు టేపు ఎంత శ్రద్ధగా చుట్టాడనుకున్నారు! చంటిపిల్ల బొడ్డుకి కట్టు కట్టినట్టు. "నీళ్లు పోయిందంటె సిగ్నలు పోయినట్టే" అనేవాడు.

ఇక అసలు పని. దిక్సూచి చూసి గొడుగుని ముందు ఉజ్జాయింపుగా తిప్పి, కోణం కొలిచే పరికరం పెట్టి ఎత్తు సరిచేసి, అక్కణ్ణుంచి వెంట్రుకవాసి చొప్పున జరపడం. కింద గదిలో నేను మీటరు చదివి కేక వేస్తే, వరండాలో మా అటెండరు అందుకుని మేడమీదికి కేక వేసేవాడు. "పెరిగింది!" "తగ్గింది!" "ఆగింది!" జమాబందీ కోసం వచ్చినవాళ్లు ఏదో వేలంపాట అనుకుని వరండాలో గుమిగూడారు. ఆరడుగుల గొడుగు ఒకటి రెండు డిగ్రీలు తప్పినా గొంతు పోతుంది. రెండోరోజు మధ్యాహ్నం పెట్టెమీద ఒక పచ్చదీపం వెలిగింది. అంటే ఉపగ్రహం నుంచి వచ్చేది మాకు వినబడుతోందన్నమాట. ఎ.ఓ. గారు లడ్డూలు తెప్పించారు.

లడ్డూలు తొందరపడ్డాయి. వినబడుతోంది గాని, మేము పలికితే జవాబు లేదు. రెండో దీపం వెలగలేదు.

ఇక్కడ కొంచెం ఆగి, ఈ నెట్‌వర్కు ఎలా పనిచేసేదో చెప్పాలి. అది తెలియకపోతే నా తప్పు ఎక్కడుందో మీకు అర్థం కాదు. జిల్లాలో ఉండే పెట్టె నేరుగా ఇంకో జిల్లాతో మాట్లాడలేదు. అన్నీ ఢిల్లీలో ఉన్న పెద్ద స్టేషనుతోనే మాట్లాడాలి. మేము హైదరాబాదు సచివాలయానికి ఒక ముక్క పంపితే, అది ఆకాశం ఎక్కి ఢిల్లీలో దిగి, మళ్లీ ఆకాశం ఎక్కి హైదరాబాదులో దిగేది. త్రూ ప్రాపర్ ఛానెల్ అన్నమాట. అంతదూరం తిరిగినా సగం సెకను. మన ఫైలు పక్క సెక్షనుకి వెళ్లడానికి ఎంత పట్టేదో నేను చెప్పను.

అన్ని జిల్లాలూ ఒకేసారి మాట్లాడితే గోల కాదా అని నేనూ అడిగాను. దానికి ఆ అబ్బాయి తిరుపతి సత్రం ఉదాహరణ చెప్పాడు. సత్రం హాల్లో వందమంది ఒకేసారి మాట్లాడుకుంటూ ఉంటారు. ఒకరిది తెలుగు, ఒకరిది తమిళం, ఒకరిది కన్నడం. ఎవరి భాష వారి చెవికి పడుతుంది, తక్కినదంతా హోరు. అలాగే ప్రతి పెట్టెకూ తనదంటూ ఒక సంకేతం ఉంటుంది. ఢిల్లీ స్టేషనులో ఏ పెట్టె సంకేతం రాసి పెట్టారో దాని మాటే ఆ హోరులోంచి పైకి తీస్తారు. రాసిపెట్టనిది హోరులో కలిసిపోతుంది. ఆ రాసిపెట్టడమే యాక్టివేషన్. నంబరు అక్కడి పద్దులోకి ఎక్కాలి. ఎక్కేదాకా మనం ఎంత అరిచినా మనం లేనట్టే. కొత్తగా చేరిన ఉద్యోగి పేరు మస్టరులోకి ఎక్కకపోతే నెలంతా పనిచేసినా జీతం బిల్లులో ఉండడు చూశారా, అచ్చంగా అదే.

ఆ నంబరు ఢిల్లీకి పంపింది ఎవరు? నేను.

సైటు వివరాల ఫారం అని ఒకటి ఉండేది. మేడ ఎత్తు ఎంత, కరెంటు ఎన్ని వోల్టులు, అక్షాంశ రేఖాంశాలు ఎంత, పెట్టె నంబరు ఎంత. అక్షాంశ రేఖాంశాలు సర్వే సెక్షను నుంచి టోపోషీటు తెప్పించి మరీ రాశాను. పెట్టె వెనక అంటించిన చీటీ మీది నంబరు టార్చిలైటు వేసి చూసి కాగితం మీద ఎక్కించుకున్నాను. అయిదు కార్బన్లు వేసి టైపు చేశాను. నిమిషానికి నలభై అయిదు మాటలు, తప్పు లేకుండా. ఆ గర్వం నాకు ఉండేది. టైపు చేశాక అసలుతో ఇద్దరు కూర్చుని పోల్చాలి, ఒకరు చదవాలి, ఒకరు చూడాలి. "కంపేర్డ్" అని ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టాలి. ఆరోజు జమాబందీ తొందరలో ఎవరూ దొరకలేదు. నా పొట్టి సంతకం నేను పెట్టి, రెండో చోట కూడా నేనే ఒక గీత గీసి పంపేశాను. మీరు నవ్వుతున్నారు. మీలో గీయనివాళ్లు చేతులెత్తండి చూద్దాం.

రెండో దీపం వెలగకపోవడంతో ఆ అబ్బాయి బతుకు మేడమీదికి మారింది. ఏప్రిలు ఎండ. పొద్దున్న తొమ్మిదింటికి ఎక్కితే సాయంత్రం దాకా దిగేవాడు కాదు. కనెక్టరు విప్పాడు, కోసి కొత్తది వేశాడు. కేబులు మొత్తం మార్చాడు. పైకి పంపే యూనిటు చెడిందేమోనని హైదరాబాదు నుంచి ఇంకోటి తెప్పించి బిగించాడు. వినడం కుదిరినప్పుడు పలకడం ఎందుకు కుదరదని గొడుగుని మళ్లీ మళ్లీ సరిచేశాడు. రాత్రిళ్లు ఢిల్లీకి ట్రంకాల్ బుక్ చేసి కూర్చునేవాడు. లైను కలిస్తే అవతలి మనిషి "మీ స్టేషన్ ఎనేబుల్ చేసే ఉంచాం, మీ నుంచి ఏమీ రావడం లేదు" అనేవాడు. అతనూ అబద్ధం చెప్పలేదు. ఏ నంబరు ఎనేబుల్ చేశారని ఇతను అడగలేదు. కలెక్టరేటు నుంచి టైపు చేసి, కంపేర్డ్ ముద్ర వేసి వెళ్లిన కాగితంలో తప్పుంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

నాలుగోరోజుకి అతని చేతులు బొబ్బలెక్కాయి. మా ఇంటినుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చేవాణ్ణి. "మంచిగనే ఉన్నది సార్, గని అవుతలోళ్లు పలుకుతలేరు" అని గొడుగువంక చూసేవాడు. ఏడోరోజు అతని కంపెనీ నుంచి మెమో వచ్చింది. ఇన్ని రోజులైనా స్టేషను ఎందుకు నడవలేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి అని.

ఎనిమిదోరోజు సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, ఆ ఫైలుకి పేజీ నంబర్లు వేస్తున్నాను. కార్బను కాపీ తిప్పుతుంటే చిత్తు కాగితం దాని పక్కకు వచ్చింది. చిత్తులో చివరి అంకెలు 71. కాపీలో 17. లేచి టార్చి పట్టుకుని గదిలోకి వెళ్లాను. చెప్పులు విప్పడం కూడా మరిచాను. పెట్టె వెనక చీటీ మీద 71.

అయిదు కార్బన్లలోనూ 17.

మేడమీద ఆ అబ్బాయి ఇంకా ఉన్నాడు. అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. మెట్లెక్కి చెప్పేస్తే అయిపోయేది. ఎక్కలేదు. మీ ముందు దాచేదేముంది, భయపడ్డాను. సూపరింటెండెంటు ప్రమోషను లిస్టులో నా పేరు ఉంది. చార్జి మెమో వస్తే లిస్టులోంచి పోతుంది. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. రెండో పొట్టి సంతకం సంగతి బయటపడితే అది తప్పు కాదు, నేరం. ఫైలు కట్టి బీరువాలో పెట్టి ఇంటికి వెళ్లాను. ఆ రాత్రి మా ఆవిడ "ఒంట్లో బాగుండలేదా?" అని రెండుసార్లు అడిగింది.

మర్నాడు పొద్దున్నే కలెక్టరుగారి పేరుమీద ఢిల్లీకి టెలిగ్రాము ఇప్పించాను. పెట్టె నంబరు ఫలానా అని మరొకసారి ధ్రువపరుస్తున్నాం అని మాత్రమే. సవరిస్తున్నాం అనలేదు, ధ్రువపరుస్తున్నాం అన్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ల సర్వీసులో నేను వాడిన మాటలన్నిటిలోకీ సిగ్గుపడేది ఆ ఒక్క మాటకే.

దానికంటే హీనమైనది ఇంకొకటి ఉంది. పదింటికి ఆ అబ్బాయి మెమో పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. "సార్, మీకు అలవాటు కద, జవాబు ఎట్ల రాయాలె?" అన్నాడు. కూర్చోబెట్టి నేనే రాసి ఇచ్చాను. సముద్రతీరం కావడంవల్ల కనెక్టరులోకి తేమ చేరి ప్రసారం కుంటుపడిందని, దాన్ని గుర్తించి మార్చామని, జరిగిన జాప్యానికి చింతిస్తున్నానని. ఎంత బాగా వచ్చిందనుకున్నారు ఆ డ్రాఫ్టు! అతను సంతకం పెట్టి అప్పుడే పోస్టు చేశాడు.

మరుసటి రోజు పదకొండున్నరకు రెండో దీపం వెలిగింది. ఢిల్లీ నుంచి ఫోను కూడా వచ్చింది. అతనే మాట్లాడాడు. రిసీవరు పెట్టేసి కాసేపు ఏమీ అనలేదు. "అయింది సార్" అన్నాడు, అంతే. మళ్లీ లడ్డూలు వచ్చాయి. కనెక్టరు మార్చడంవల్లే అయిందని అందరూ అనుకున్నారు.

వెళ్లేముందు ఇంకో రోజు ఉన్నాడు. ఉండనక్కర్లేదు, పని అయిపోయింది. ఆరోజు మేడమీదికి వెళ్లి, గొడుగు తిరిగేచోట, ఎత్తు సరిచేసేచోట రెండు ముక్కలమీదుగా ఒక్కొక్క ఎర్ర పెయింటు గీత గీశాడు. గొడుగు ఎప్పుడైనా కదిలితే రెండు సగం గీతలూ కలిసేలా తిప్పితే చాలు, మీటరు అక్కర్లేదు అని చూపించాడు. తరవాత ఒక తెల్లకాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఏ దీపం ఆరితే ఏం చెయ్యాలో వరసగా రాసి బీరువా తలుపు లోపల అంటించాడు. పై వరసలో పెట్టె నంబరు రాశాడు. దాని కింద రెండు గీతలు. నేను చూశాను. నాకోసమే గీశాడా అనిపించింది. అడిగే ధైర్యం లేదు.

స్టేషను బాగానే నడిచింది. పంపే వేగం సెకనుకు 1200 బిట్లు. అంటే నూటపాతిక అక్షరాలు దాటదు. ఒక పేజీకి పావు నిమిషం పైచిలుకు. ఇప్పటి పిల్లలకు నవ్వులాట, మాకు పుష్పక విమానం. ధరల స్టేట్‌మెంటు, వర్షపాతం, పంటల విస్తీర్ణం, అన్నీ దానిమీదే. ఏటా మార్చి రెండోవారంలో, మళ్లీ సెప్టెంబరు ఆఖర్లో మిట్టమధ్యాహ్నం వేళ కొన్ని నిమిషాలు పచ్చదీపం ఆరిపోయేది. మొదటిసారి నేనేదో పాడుచేశానని హడలిపోయాను. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చినప్పుడు ఆ వేడి హోరులో దాని మాట వినబడదట. నాలుగైదు రోజులు ఉండి పోతుంది. కాగితంలో అదీ రాసి ఉంది. "భయపడవద్దు, భోజనానికి వెళ్లండి" అని.

1990 మే 9 మీ అందరికీ గుర్తే. 1977 నవంబరులో దివిసీమలో పదివేల మంది వరకు పోయారు. 1990లో వచ్చినదీ తక్కువ తుపాను కాదు, కాని ముందుగా లక్షల మందిని తరలించబట్టి ప్రాణనష్టం వెయ్యి లోపల ఆగింది. అప్పటికే కోస్తా ఊళ్లలో ఇన్‌శాట్ ద్వారా తుపాను హెచ్చరిక వినిపించే పెట్టెలు పెట్టారు. అవి గొప్ప మేలు చేశాయి. అయితే అవి వినిపించేవే గాని, మనం జవాబు చెప్పే వీలు వాటికి లేదు. పలకగలిగేది మేడమీది గొడుగు.

ఆ రాత్రి టెలిఫోను స్తంభాలు వరసగా పడిపోయాయి. పోలీసు వైర్‌లెస్ ఉంది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి జిల్లాను నిలబెట్టింది వాళ్లే. కాని దానికి జనం ఎక్కువ, చిన్న చిన్న మాటలు తప్ప పొడుగాటి స్టేట్‌మెంట్లు చదివే తీరిక లేదు. తెల్లారి గాలి తగ్గాక కంప్యూటరు గదిలోకి వెళితే పచ్చదీపం కూడా లేదు. జనరేటరు ఉంది, పెట్టెకు కరెంటుంది, చూపు లేదు. నేనూ మా అటెండరూ మేడెక్కాం. వానలో నిలబడలేకపోతున్నాం. గొడుగు పక్కకి తిరిగి, రెండు ఎర్రగీతల మధ్య బొటనవేలంత ఎడం వచ్చింది.

స్పానరు జారిపోతోంది. అటెండరు భుజం ఆనించి నెట్టాడు, నేను బోల్టు వదులు చేశాను. గీతలు కలిశాయి. బిగించి కిందికి వచ్చేసరికి పచ్చదీపం వెలుగుతోంది. రెండు నిమిషాల్లో రెండోదీ వెలిగింది. నంబరు ఢిల్లీ పద్దులో ఉంది గనుక ఎవరినీ అడిగే పని లేకపోయింది. బియ్యం, కిరసనాయిలు, బ్లీచింగు పౌడరు, టార్పాలిన్లు, మండలాలవారీ జాబితా ఏడు పేజీలు, రెండు నిమిషాల చిల్లరలో వెళ్లిపోయాయి. ఈసారి పంపేముందు అటెండరుని పక్కన కూర్చోబెట్టి అంకెలు ఒక్కొక్కటీ పైకి చదివించాను. అతను ఆరో తరగతి. తప్పు లేకుండా చదివాడు.

జూన్‌లో ఆ అబ్బాయి వచ్చాడు, గొడుగుకు మరమ్మతు చెయ్యడానికి. రాత్రి మా ఇంట్లో భోజనం పెట్టాను. తిన్నాక కార్బను కాపీ, చిత్తూ రెండూ తెచ్చి అతని ముందు పెట్టాను. చెప్పడానికి మాట రాలేదు. అతను చూసి మడిచి నా చేతికిచ్చాడు.

"గప్పుడే తెలుసు సార్. దీపం వెలిగిననాడు ఢిల్లీ ఆయన ఫోన్ల చెప్పిండు. పాత నంబరు తప్పు వచ్చింది, ఇప్పుడు దిద్దినం అని."

"మరి అప్పుడే అడగలేదేం బాబూ?"

"జవాబు పోస్టు చేసేసిన గద సార్. మీరు ఈడనే ఉండెటోళ్లు. నేను రెండు దినాలైతె పొయ్యెటోణ్ణి."

ప్రొబేషను ఏమైందని అడిగాను. ఆరు నెలలు పొడిగించారట. ఇంక్రిమెంటు వెనక్కి పోయిందట. అదేదో వర్షం పడిందన్నట్టు చెప్పాడు. నేను వాళ్ల కంపెనీకి ఉత్తరం రాస్తానన్నాను. "ఇప్పుడు రాస్తె నాకు ఏమొస్తది, మీకు మెమో వస్తది" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. నేను రాయలేదు. రాయవలసింది. 1991లో నాకు సూపరింటెండెంటు ప్రమోషను వచ్చింది. ఆర్డరు చేతికి వచ్చినరోజు ఎవరికీ స్వీట్లు పంచలేదేమని స్టాఫంతా తిట్టారు.

తరవాత ఆ గొడుగుల కాలం పోయింది. వాటి బదులు వేగమైనవి, తరవాత భూమిలో ఫైబరు కేబుళ్లు వచ్చాయి. అయితే 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి విశాఖలో సెల్ టవర్లు పడుకున్నప్పుడు అధికారుల చేతుల్లో మళ్లీ ఉపగ్రహం ఫోన్లే కనిపించాయి. ఇప్పుడు అయిదారు వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరిగే చిన్న ఉపగ్రహాలు వేలకొద్దీ ఉన్నాయి. వాటికి పెట్టే పళ్లెం ఎవరూ తిప్పనక్కర్లేదు, తనంతట తానే వెతుక్కుంటుంది. మా అబ్బాయి చెబితే విన్నాను. "నంబరు?" అని అడిగాను. నంబరు మాత్రం ఖాతాలో నమోదు చెయ్యాలి నాన్నా, లేకపోతే పలకదు అన్నాడు.

మన పెట్టె సంగతి. ఆరోజు సాయంత్రం ఆ కుర్రాడికి ఫోను చేసి, పెట్టె కింద నంబరు నేను చదువుతాను, నీ దరఖాస్తులో ఉన్నది నువ్వు చదువు అన్నాను. సరిపోయింది. అతని తప్పేమీ లేదు, వాళ్ల ఆఫీసులో ఆలస్యం అంతే. మర్నాడు పదకొండింటికి నాలుగో దీపం వెలిగింది, మన కోశాధికారిగారు తన మొహం కెమెరాకి చూపించి మొట్టమొదటి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారు.

ఏ దీపం ఆరితే ఏం చెయ్యాలో తెలుగులో రాసి గోడకి అంటించమని కార్యదర్శిగారు అడిగారు. రాసి తెచ్చాను, ఇదిగో. పై వరసలో నంబరు వేశాను. పన్నెండు అంకెలు. దయచేసి ఎవరైనా ఒకరు వచ్చి పెట్టె కింద చూసి పైకి చదవండి, నేను కాగితం చూస్తాను. అప్పుడు ఇద్దరం సంతకాలు పెడదాం.